జపాన్ కత్తి: ఉక్కు చూసి ఎంచుకోవడం, రాయి మీద నూరుకోవడం, మొక్కపోకుండా కాపాడుకోవడం

“జపాన్ కత్తి కొందామనుకుంటున్నాను, ఏ ఉక్కు మంచిది?” అని అడిగేవాళ్లు బాగా పెరిగారు. కొని ఆరు నెలలైనవాళ్లు అడిగే ప్రశ్న వేరు: “అంత డబ్బు పోసి కొన్నాను, ఇప్పుడు టొమాటో తొక్క కూడా తెగట్లేదు, ఎందుకని?” రెండు ప్రశ్నల జవాబూ ఒకచోటే ఉంది కాబట్టి కలిపి రాస్తున్నాను.

ఈ కత్తులకు ఉన్న పేరు ఉక్కు ఒక్కదాని వల్ల రాలేదు. ఉక్కు గట్టిది కాబట్టి అంచును బాగా పలచగా తీయగలుగుతున్నారు. అంచు పలచన కాబట్టి ఉల్లిపాయలోకి బలం పెట్టకుండానే దిగుతోంది. అయితే ఆ పలచదనాన్ని నిలబెట్టుకోవాల్సింది కొన్నవాళ్లే, అదీ రాయి మీదే. నూరడం తెలియని ఇంట్లో ఎంత పేరున్న ఉక్కయినా ఏడాది తిరిగేసరికి మొండి కత్తే. అందుకని కత్తికి అనుకున్న డబ్బులోంచే సానరాయికి కొంత తీసి పక్కన పెట్టండి. రాయి కొనే ఉద్దేశం లేకపోతే జపాన్ కత్తి కొనొద్దనే చెప్తాను.

1. ముందు మీ వంటింటి సంగతి చూసుకోండి

ఉక్కు పేర్ల జోలికి వెళ్లేముందు ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాసుకోండి.

☐ కత్తి మీరొక్కరే వాడతారా, ఇంట్లో అందరూ వాడతారా?
☐ కోసిన వెంటనే కడిగి తుడిచే అలవాటు ఉందా, సింకులో పడేసి తర్వాత చూసుకుంటారా?
☐ దేనిమీద పెట్టి కోస్తారు? చెక్కా, ప్లాస్టిక్కా, గ్రానైట్ గట్టా?
☐ నెలకోసారి అరగంట కూర్చుని నూరే ఓపిక ఉందా?
☐ చికెన్, చేప ఇంట్లోనే ముక్కలు కొడతారా, కొట్లో కొట్టించుకొస్తారా?

మన వంటల్లో కత్తి చేసే పనుల్లో చాలావాటికి ఈ కత్తి పనికిరాదు. కొబ్బరికాయ, కొబ్బరి చిప్ప, కోడి ఎముక, చేప తల, ఫ్రీజర్లోంచి తీసిన మాంసం, బెల్లం అచ్చు, ముదిరిన గుమ్మడికాయ తొక్క, మామిడి టెంక. వీటిలో ఏదైనా అంచును ఎగరగొట్టగలదు. గట్టిదనం పెరిగేకొద్దీ దెబ్బను ఓర్చుకునే గుణం తగ్గుతుంది. మెత్తటి ఉక్కు దెబ్బకు వంగుతుంది, గట్టి ఉక్కు పెచ్చులూడుతుంది.

నా మొదటి సాంతోకు (అన్ని పనులకూ వాడే జపాన్ వంటింటి కత్తి) మొక్కపోయింది పచ్చిమామిడికాయ దగ్గరే. పప్పులోకని ఒక్క కాయ తీసుకుని, టెంక ముదిరిందో లేదో చూడకుండా నొక్కాను. అంచు మీద మూడు చోట్ల గంట్లు పడ్డాయి. వాటిని పోగొట్టడానికి గరుకు రాయి మీద రెండు సాయంత్రాలు పట్టింది.

కాబట్టి పాత కత్తినీ కత్తిపీటనూ పారేయకండి. మొరటు పనులన్నీ వాటివే. జపాన్ కత్తి కూరగాయలకు, ఎముక లేని మాంసానికి, పండ్లకు, ఆకుకూరలకు.

2. ఉక్కు పేర్లు చదవడం నేర్చుకోండి

కత్తి వివరాల్లో ‘హెచ్‌ఆర్‌సీ’ అని ఒక అంకె కనిపిస్తుంది. అది రాక్‌వెల్ గట్టిదనం కొలత. జర్మన్ వంటింటి కత్తుల్లో మామూలుగా వాడే 1.4116 అనే ఉక్కు 56–58 దగ్గర ఉంటుంది. జపాన్ కత్తులు ఎక్కువగా 60 నుంచి 65 మధ్య ఉంటాయి. అంకెల్లో తేడా చిన్నగా కనిపిస్తుంది గానీ చేతికి బాగా తెలుస్తుంది. 62 ఉన్న అంచు సన్నగా ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ పక్కకు తిప్పితే పెచ్చు లేస్తుంది.

ఉక్కుల్ని మూడు కుటుంబాలుగా చూస్తే సులువు.

కర్బనపు ఉక్కు. షిమానే రాష్ట్రంలోని యాసుగి పట్టణం దీనికి పెట్టింది పేరు. ఉక్కు కడ్డీలకు చుట్టే కాగితం రంగే ఉక్కు పేరైంది. తెల్ల కాగితం షిరోగామి, నీలి కాగితం ఆవోగామి. షిరోగామిలో ఇనుము, కర్బనం తప్ప పెద్దగా ఏమీ కలపరు. గంధకం, భాస్వరం లాంటి మలినాలను బాగా తగ్గిస్తారు. షిరోగామి 1లో కర్బనం 1.25–1.35 శాతం, షిరోగామి 2లో 1.05–1.15 శాతం. అంటే నంబరు తగ్గితే కర్బనం పెరిగినట్టు. రాయి మీద ఇంత త్వరగా పదునెక్కే ఉక్కు ఇంకోటి నేను చూడలేదు. తుప్పు కూడా అంతే త్వరగా పడుతుంది.

ఆవోగామిలో అదే మూల ఉక్కుకు టంగ్‌స్టన్, క్రోమియం కలుపుతారు. అరుగుదల తగ్గి పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయినా ఆ కొద్ది క్రోమియం తుప్పును ఆపలేదు. ఆవోగామి సూపర్‌లో కర్బనం 1.4–1.5 శాతం దాకా వెళ్తుంది, వనేడియం, మాలిబ్డినం కూడా ఉంటాయి. ఇవన్నీ తయారుచేసే హిటాచీ మెటల్స్ 2023లో ప్రొటీరియల్‌గా పేరు మార్చుకుంది. డబ్బా మీద పాత పేరు కనిపిస్తే నకిలీ అని కంగారుపడక్కర్లేదు, పాత సరుకు అయ్యుండొచ్చు.

స్టెయిన్‌లెస్. వీజీ-10 ఫుకుయి రాష్ట్రంలోని ఎచిజెన్‌లో టకేఫు స్పెషల్ స్టీల్ తయారుచేసే ఉక్కు. సుమారు 1 శాతం కర్బనం, 15 శాతం క్రోమియం, కొంచెం కోబాల్ట్. ఆన్‌లైన్లో ఎక్కువగా కనిపించే పేరు ఇదే. ఐచి స్టీల్ వారి ఏయూఎస్-10 కూడా ఈ కోవలోదే. నాకు వీటికంటే నచ్చేది యాసుగివారి గింగామి 3. తుప్పు పట్టదు, రాయి మీద మాత్రం కర్బనపు ఉక్కులా వింటుంది.

పౌడర్ స్టీల్. కరిగించిన లోహాన్ని పొడిగా మార్చి, వేడిలో ఒత్తిడితో మళ్లీ గట్టి దిమ్మగా చేస్తారు. దీనివల్ల లోపలి కార్బైడ్ రేణువులు (కర్బనంతో ఏర్పడే గట్టి రేణువులు) సన్నగా, సమంగా పరుచుకుంటాయి. ఎస్‌జీ2 (ఆర్2 అన్నా దాదాపు అదే), జెడ్‌డీపీ-189, హెచ్‌ఏపీ40 ఈ వర్గంలోవి. పదును చాలా రోజులు నిలుస్తుంది. పోయినప్పుడు మళ్లీ తెచ్చుకోవడానికి అంతే శ్రమపడాలి. రెండో కత్తిగానో మూడో కత్తిగానో తీసుకోండి, మొదటిదిగా వద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉక్కు పేరు సగం కథే. కాల్చిన కత్తిని నీళ్లలోనో నూనెలోనో ముంచి, మళ్లీ సన్నటి వేడి చూపించే పనిని మన కమ్మరులు పాయన పెట్టడం అంటారు. అసలు కత్తి తయారయ్యేది అక్కడే. ఒకే వీజీ-10 ఒకరి చేతిలో చక్కటి కత్తి అవుతుంది, ఇంకొకరి చేతిలో ఊరికే పెచ్చులూడే కత్తి అవుతుంది. అభిమానులు ఉక్కు పేరుతో పాటు పాయన పెట్టింది ఎవరని అడిగేది ఇందుకే. పేరు తెలియని కంపెనీ ఎస్‌జీ2 కన్నా పేరున్నవాళ్ల షిరోగామి 2 మేలు.

జపాన్‌లో చేశారంటే విపరీతంగా గట్టిదేనని కూడా అనుకోకండి. నీగాటా రాష్ట్రం త్సుబామెలో తయారయ్యే గ్లోబల్ కత్తుల ఉక్కు 56–58 దగ్గరే ఉంటుంది. చేతివాటం మొరటుగా ఉన్న ఇంటికి అదే నయం.

అలల చారల డమాస్కస్ గురించి కూడా అడుగుతుంటారు. చాలా కత్తుల్లో ఆ చారలు పై పొరల్లోనే ఉంటాయి. కోసేది మధ్యలో ఉన్న గట్టి ఉక్కు, ఆ ఉక్కు పేరేంటో చూడండి. (నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో పోసిన ఉక్కుకు ఆ అలలు లోహం లోపలినుంచే వచ్చేవి. ఇప్పటి కత్తుల మీదివి పొరలు అతికించి తెచ్చినవి. రెండూ ఒకటి కావు.) చారలు బాగున్నాయనిపిస్తే కొనుక్కోండి, పదును కోసం మాత్రం వాటికి డబ్బు పెట్టకండి.

3. ఏ ఆకారం, ఎంత పొడవు

ఒక్క కత్తే కొనేటట్టయితే సాంతోకు, 165–180 మి.మీ. కూరగాయలు ఎక్కువ కోసే ఇంటికి నకిరి కూడా సరిపోతుంది. అది పొడవాటి దీర్ఘచతురస్రంలా ఉంటుంది, తోటకూర కట్టను చకచకా తరగొచ్చు. గట్టు మీద చోటుండి, పెద్ద కత్తి అలవాటుంటే ‘గ్యూతో’ అనే రకం, 210 మి.మీ. చిన్న పనులకు ‘పెట్టీ’ అనే చిన్న కత్తి, 120–150 మి.మీ.

దేబా, యానగిబా, ఉసుబా చూడ్డానికి ఎంత బాగున్నా మొదటి కత్తిగా వద్దు. అవి వడ్రంగి ఉలిలా ఒకవైపే వాలుగా చెక్కినవి. నూరే పద్ధతి వేరు, ఎడమచేతి వాళ్లకు విడిగా చేయించాలి.

4. కొనేటప్పుడు ఏం చూడాలి

టోక్యో వెళ్తే అసకుసా దగ్గర కప్పాబాషి వీధి, ఒసాకాలో దోగుయాసుజి. రెండూ వంటపాత్రల కొట్ల వీధులే. ఒసాకా పక్కనే ఉన్న సకాయి ఒకవైపు కత్తులకు ప్రసిద్ధి. గిఫు రాష్ట్రంలోని సెకి, ఫుకుయిలోని ఎచిజెన్, నీగాటాలోని సాంజో మిగతా పెద్ద కేంద్రాలు.

కొట్లో చేతికి తీసుకున్నాక:

☐ పిడి వైపు నుంచి మొన దాకా ఒక కన్ను మూసి చూడండి, వెన్ను తిన్నగా ఉందా?
☐ మడమ (పిడి దగ్గరి అంచు చివర) వైపు నుంచి అడ్డంగా చూడండి, అంచు దగ్గరికొచ్చేసరికి లోహం పలచబడుతోందా, మందంగానే ఉందా?
☐ కత్తిని చదునైన పలక మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టండి, అంచు కింద పెద్ద సందు కనిపిస్తోందా?
☐ లోపలి ఉక్కు పేరు, పై పొర పేరు రెండూ అడిగారా? పై పొర మామూలు ఇనుమైతే అదీ తుప్పు పడుతుంది.
☐ పిడి మీ గుప్పిట్లో పడుతోందా?

రెండో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. అంచు వెనక మందంగా ఉన్న కత్తి క్యారెట్‌ను కోయదు, చీలుస్తుంది.

ఆన్‌లైన్లో అయితే ఇంకా జాగ్రత్త. ‘జపనీస్ స్టయిల్’, ‘జపనీస్ స్టీల్’ అన్న మాటలకూ ‘మేడ్ ఇన్ జపాన్’కూ చాలా దూరం. కత్తి మీద జపాన్ అక్షరాలున్నంత మాత్రాన అక్కడ చేసినట్టు కాదు. ఉక్కు పేరు ఎక్కడా రాయకపోయినా, చారల్ని లేజర్‌తో అచ్చేసినట్టు ఒకే నమూనా మళ్లీమళ్లీ వస్తున్నా, ఎనిమిది కత్తుల పెట్టె ఒక మామూలు కత్తి ధరకే వస్తున్నా వదిలేయండి. 10సీఆర్15 అని మొదలయ్యే ఉక్కు చైనాలో వీజీ-10 కూర్పుతో చేసేది. అది చెడ్డ ఉక్కేం కాదు, కాకపోతే దాన్ని జపాన్ ధరకు కొనకూడదు.

జపాన్‌లో కొన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. అక్కడి చట్టం ప్రకారం 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట పెట్టుకు తిరగడం నేరం. కొట్లో కట్టించిన ప్యాకింగ్ విప్పకుండా, బిల్లుతో సహా నేరుగా బసకు తీసుకెళ్లండి. విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో కుదరదు.

5. మొదటి వారం

గోరువెచ్చటి నీళ్లు, సబ్బుతో కడిగి, పొడిబట్టతో వెన్ను నుంచి అంచు వైపు తుడవండి. కొన్ని కర్బనపు కత్తుల మీద తుప్పు పట్టకుండా లక్క లాంటి పూత వేసి పంపుతారు. అది ఉంటే కొట్టువాడు చెప్పిన పద్ధతిలో తీసేశాకే వాడండి.

పలక మార్చండి. గ్రానైట్ గట్టు, గాజు పలక, స్టీలు పళ్లెం అంచుకు శత్రువులు. మెత్తటి చెక్క గానీ వంటింటి రబ్బరు పలక గానీ మంచిది.

కోసే తీరు కూడా మార్చుకోవాలి. ముక్కలు కోశాక కత్తి అంచుతో పలకను గీకుతూ గిన్నెలోకి తోయడం మనందరికీ అలవాటే. దానికి వెన్ను వాడండి. వెల్లుల్లిని కత్తి పక్కభాగంతో దంచకండి. గట్టి కాయలో ఇరుక్కున్న కత్తిని అటూ ఇటూ తిప్పకండి, వచ్చిన దారినే వెనక్కి తీయండి. కత్తిని కిందికి నొక్కడం కన్నా ముందుకు తోస్తూనో వెనక్కి లాగుతూనో కోస్తే అంచు రెట్టింపు రోజులు ఉన్నట్టనిపిస్తుంది.

6. నూరడానికి సిద్ధం చేసుకోవాల్సినవి

☐ 1000 నంబరు నీటిరాయి. ఇది తప్పనిసరి.
☐ 3000 నుంచి 6000 మధ్య ఇంకో రాయి. కొన్ని నెలల తర్వాత చాలు.
☐ 300–400 నంబరు గరుకు రాయి. గంట్లు పడ్డప్పుడే అవసరం.
☐ రాయిని చదును చేసే డైమండ్ ప్లేటు, లేదంటే మందపాటి గాజు మీద తడి గరుకు కాగితం.
☐ పెన్సిల్, నల్ల మార్కర్, తడిబట్ట, పాత వార్తాపత్రిక.

నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపవుతుంది. కింగ్ వారి 1000, 6000 జోడురాయి మొదలుపెట్టడానికి చాలు. అలాంటి నానే రాళ్లను బుడగలు రావడం ఆగేదాకా, అంటే 10–15 నిమిషాలు నీళ్లలో ఉంచాలి. షాప్టన్ లాంటి గట్టి రాళ్లకు పైన నీళ్లు చల్లితే చాలు, వాటిని గంటలకొద్దీ నానబెడితే పాడవుతాయి. ఏ రాయి ఏ రకమో కొనేటప్పుడే అడగండి.

వీధిలో వచ్చే సానవాళ్ల చక్రానికి ఈ కత్తిని ఇవ్వకండి. వాళ్ల పనితనం తక్కువని కాదు. పొడి చక్రం మీద పలచటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలిరంగు తిరిగిందంటే అక్కడ పాయన పోయినట్టే. హార్డ్‌వేర్ కొట్లో దొరికే కార్బొరండం రాయి మరీ గరుకు.

మొదటి రెండు మూడుసార్లు పాత స్టీలు కత్తి మీద సాధన చేయండి. చేతికి కోణం పట్టుబడ్డాక కొత్తది తీయండి.

7. నూరే క్రమం

మొదటి మెట్టు: రాయి చదును. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీయండి. డైమండ్ ప్లేటుతో రుద్దండి. గళ్లన్నీ పోయాయంటే రాయి చదునుగా ఉన్నట్టు. నడుమ గళ్లు మిగిలితే రాయి గుంట పడిందని అర్థం, అవి పోయేదాకా రుద్దాలి.

రెండో మెట్టు: కోణం. రెండువైపులా వాలున్న కత్తికి ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీలు. ప్రొట్రాక్టర్ అక్కర్లేదు. కత్తి వెడల్పును 0.26తో గుణిస్తే వెన్ను ఎత్తు వస్తుంది. 45 మి.మీ. వెడల్పున్న సాంతోకుకు అది దాదాపు 12 మి.మీ. వెన్ను మందంలో సగం తీసేస్తే, రాయికీ వెన్ను అడుగుకూ మధ్య సందు 11 మి.మీ. దగ్గర ఉండాలి. అట్టను మడిచి ఆ మందం దిమ్మ ఒకటి చేసుకుని, మొదలుపెట్టే ముందు వెన్ను కింద పెట్టి చూసుకోండి. చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

మూడో మెట్టు: మార్కర్. అంచు వాలు పొడవునా నల్ల మార్కర్ రాయండి. రాయి మీద నాలుగుసార్లు తోసి చూడండి. అంచు చివరనే రంగు పోతే కోణం ఎక్కువైంది, వెన్ను దించండి. వాలు పైభాగాన రంగు పోయి చివర మిగిలితే వెన్ను కొంచెం ఎత్తండి. వాలంతా సమంగా పోవాలి.

నాలుగో మెట్టు: ఒకవైపు. తడిబట్ట మీద రాయి కదలకుండా పెట్టండి. కుడిచేత్తో పిడి, బొటనవేలు మడమ దగ్గర, చూపుడువేలు వెన్ను మీద. ఎడమచేతి రెండు మూడు వేళ్లు అంచుకు కాస్త వెనకగా లోహం మీద. వేళ్లు ఎక్కడుంటే అక్కడే లోహం అరుగుతుంది. కత్తిని నాలుగు భాగాలనుకుని మడమ నుంచి మొన వైపు జరుగుతూ, ఒక్కో చోట 10–15 సార్లు తోయండి.

ఒత్తిడి ఎప్పుడు పెట్టాలో చాలామందికి తెలియదు. వెన్ను ముందు నడిచేటప్పుడు ఒత్తండి, అంచు ముందు నడిచేటప్పుడు తేలికగా వదిలేయండి. ఎంత ఒత్తాలో తెలియకపోతే రాయిని వంటింటి త్రాసు మీద పెట్టి చూసుకోండి. మొదట్లో ఒకటిన్నర కిలో, చివర్లో అరకిలో లోపు. మొన దగ్గర అంచు వంపు తిరుగుతుంది, అక్కడ మోచేతిని కొద్దిగా పైకి లేపితేనే అదే కోణం నిలుస్తుంది.

రాయి మీద నల్లటి బురద ఊరుతుంది. దాన్ని కడిగేయకండి, నూరేది అది కూడా. రాయి ఆరుతుంటే మాత్రం నాలుగు చుక్కల నీళ్లు చల్లండి.

అయిదో మెట్టు: గరుకు కోసం తడమండి. ఒకవైపు సరిగ్గా నూరితే అంచు అవతలి వైపుకు వెంట్రుకంత లోహపు పొర మడతపడుతుంది. దాన్నే బర్ అంటారు. అవతలి వైపు వేలిని వెన్ను నుంచి అంచు బయటికి జారిస్తే గీసుకున్నట్టు తగులుతుంది. అంచు వెంబడి వేలిని పొడవుగా ఎప్పుడూ జరపకండి, తెగుతుంది. మడమ నుంచి మొన దాకా బర్ తగిలేదాకా కత్తి తిప్పొద్దు. ఈ గైడులో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని నా కోరిక. నూరినా పదును రాలేదనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయుంటారు. ఏదో ఒక చోట రాయి అంచును తాకకుండానే కత్తి తిప్పేసి ఉంటారు.

ఆరో మెట్టు: రెండోవైపు. అదే కోణం, దాదాపు అన్నేసిసార్లు. బర్ ఇప్పుడు మొదటివైపుకు వస్తుంది. పొడవునా వచ్చిందో లేదో మళ్లీ తడమండి.

ఏడో మెట్టు: బర్ తీయడం. ఒత్తిడి సగానికి తగ్గించి ఒక్కోవైపు అయిదుసార్లు, ఇంకా తగ్గించి మూడుసార్లు, చివరికి కత్తి బరువు తప్ప ఏమీ లేకుండా ఒక్కోసారి మార్చిమార్చి. తర్వాత మెత్తటి చెక్క ముక్క మూలను అంచుతో ఒకట్రెండుసార్లు తేలిగ్గా కోయండి, వేలాడే బర్ ఊడిపోతుంది. వార్తాపత్రికను రాయి మీద పరిచి, వెన్ను ముందుండేలా పదిసార్లు లాగండి.

వీజీ-10కి బర్ మొండిగా అంటుకుని ఉంటుంది. ఒకపట్టాన రాదు, అటూ ఇటూ ఊగుతుంటుంది. దానికి ఈ మెట్టులో రెట్టింపు సమయం పెట్టండి. షిరోగామికి చెక్క తగలగానే పోతుంది.

ఎనిమిదో మెట్టు: నునుపు రాయి. ఉంటే ఇదంతా తక్కువ ఒత్తిడితో మళ్లీ చేయండి. లేకపోయినా నష్టం లేదు. టొమాటో, క్యాప్సికం తొక్కలను 1000 రాయి మీది అంచే బాగా పట్టుకుంటుంది. చేప, ఎముక లేని మాంసం పలచగా కోసేవాళ్లకు నునుపు రాయి ఉపయోగం.

తొమ్మిదో మెట్టు: పరీక్ష. వార్తాపత్రికను గాలిలో పట్టుకుని మడమ నుంచి మొన దాకా కోయండి. ఎక్కడ కాగితం చిరిగిందో అంచులో ఆ చోట బర్ మిగిలి ఉంది, లేదా నూరలేదు. ఆ చోటికే తిరిగి వెళ్లండి, మొత్తం మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

8. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు

*నూరిన రోజు పదునుగా ఉంది, మర్నాటికి పోయింది.* బర్ తీయలేదు. ఆ రోజు కోసింది బర్‌తోనే, అది మడతపడిపోయింది. ఏడో మెట్టు మళ్లీ చేయండి.

*గంట నూరినా పదును రావట్లేదు.* చెయ్యి ఊగుతోంది, అంచు గుండ్రమైపోతోంది. మార్కర్ రాసి, తోసే దూరం సగానికి తగ్గించండి. చిన్న తోపుల్లో కోణం నిలుస్తుంది.

*పదును ఉంది గానీ వారానికే చిన్నచిన్న పెచ్చులు లేస్తున్నాయి.* కోణం మరీ తగ్గించి ఉంటారు, లేదా పలక గట్టిది. వెన్నును ఇంకో రెండు మి.మీ. ఎత్తి, అసలు బరువే పెట్టకుండా ఒక్కోవైపు అయిదుసార్లు తోయండి. అంచు కొసన చిన్న రెండో వాలు ఏర్పడి బలమొస్తుంది.

*కొత్త కత్తి మొదటి నూరుడుకు ముందే పెచ్చులూడుతోంది.* ఫ్యాక్టరీ అంచు ఒక్కోసారి పెళుసుగా ఉంటుంది. తిప్పి పంపే ముందు రెండుసార్లు నూరి చూడండి. లోపలి లోహం తేలాక చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే పాయన లోపం.

*ఒకటి రెండేళ్లు నూరాక కత్తి పదునుగా ఉన్నా దిగట్లేదు.* అంచు నూరినకొద్దీ పైకి, మందమైన భాగంలోకి వెళ్లింది. వెన్నును బాగా దించి, అంచు పైభాగాన్ని గరుకు రాయి మీద పలచన చేయాలి. కత్తి పక్కన గీతలు పడతాయి, ఫర్వాలేదు. ఏడాదికోసారి ఈ పని చేయని కత్తి ఎంత మంచి ఉక్కయినా గునపంలా తయారవుతుంది.

*గీతలున్న స్టీలు కడ్డీతో రుద్దాను.* జర్మన్ కత్తుల అంచు వంగుతుంది, దాన్ని కడ్డీ తిన్నగా చేస్తుంది. 60 పైన ఉన్న ఉక్కును అది గంట్లు పెడుతుంది. లాగితే పదునెక్కుతుందని అమ్మే చక్రాల పరికరాలూ అంతే. రెండూ మానేయండి.

*గంటు పడింది.* అర మి.మీ. లోపైతే 400 రాయి మీద మామూలు కోణంలోనే, గంటు మాయమయ్యేదాకా కత్తి మొత్తం పొడవునా నూరండి. గంటు ఉన్న చోటే రుద్దితే అక్కడ గుంట పడుతుంది. ఒక మి.మీ. దాటితే, మొన విరిగితే, కత్తి వంగితే నీటిరాయి మీద పనిచేసేవాళ్లకే ఇవ్వండి.

9. ఒకవైపు కత్తి ఇప్పటికే కొనేసి ఉంటే

వెనక వైపు చూడండి. అది చదునుగా లేదు, లోపలికి సన్నగా తవ్వినట్టుంటుంది. ఆ గుంతను కాపాడాలి. ముందువైపు వెడల్పాటి వాలును రాయికి పూర్తిగా ఆనించి నూరండి, ఆ వాలే కోణం చెబుతుంది. బర్ వచ్చాక వెనక వైపును నునుపు రాయి మీద పూర్తిగా చదునుగా పరిచి నాలుగైదుసార్లు మాత్రమే తోయండి. వెనక వైపును గరుకు రాయి మీద పెట్టారా, ఆ గుంత పోతుంది, కత్తి స్వభావమే మారిపోతుంది. మొదటిసారి తెలిసినవాళ్లతో నూరించుకుని చూడడం మంచిది.

10. రోజూ చేయాల్సింది, తుప్పు పడితే చేయాల్సింది

కోయడం అవగానే కడిగి తుడవండి. భోజనాలయ్యాక కాదు, తాలింపు వేసే ముందే. డిష్‌వాషర్‌లో స్టెయిన్‌లెస్‌ను కూడా పెట్టకండి. గిన్నెలకు తగిలి అంచు పోతుంది, చెక్క పిడి పగులుతుంది.

కర్బనపు కత్తితో ఉల్లిపాయ, నిమ్మకాయ, పచ్చిమామిడి కోస్తే మధ్యమధ్యలో తడిబట్టతో తుడుస్తూ ఉండండి. కొత్తలో ఉల్లిపాయకు నల్లటి మరక, ఇనుప వాసన వస్తాయి. కొన్ని వారాల్లో కత్తి మీద నీలి, బూడిద రంగు పొర ఏర్పడి అది తగ్గుతుంది. ఆ రంగును తోమి పోగొట్టకండి, తుప్పుకు అదే అడ్డం. ఎర్రగా, గోధుమరంగులో కనిపించేది మాత్రం తుప్పు. తినే సోడా ముద్ద చేసి సీసా కార్కుతో రుద్దితే పైపై తుప్పు పోతుంది. లోతుగా ఉంటే తుప్పు తీసే రబ్బరు వాడండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో, వానాకాలంలో మిగతాచోట్ల కూడా, వారం పైన వాడకుండా ఉంచే కర్బనపు కత్తికి నూనె చుక్క రాయండి. జపాన్‌లో కమేలియా నూనె వాడతారు. ఇక్కడ తినదగిన మినరల్ ఆయిల్ సరిపోతుంది. వంటనూనె వద్దు, జిగటగా మారుతుంది. తడి కత్తిని చెక్క ఒరలో పెడితే ఒర లోపలే తుప్పు పడుతుంది. సొరుగులో చెంచాలతో కలిపి పడేయకుండా, వెన్ను కిందికి ఉండేలా ఒక చెక్క గాడిలో పెట్టుకోండి.

ఇంటి వాడకానికి 1000 రాయి నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు. తేదీ చూసి కాదు, టొమాటో చూసి తీయండి. తొక్క మీద కత్తి ఒక్కసారి జారినా ఆ సాయంత్రమే రాయి నానబెట్టండి. బాగా మొండిదయ్యేదాకా ఆగితే పావుగంటలో అయ్యే పనికి గంటన్నర పడుతుంది. నూరాక రాయిని కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది.